చిన్న తరగతుల పిల్లలు లైబ్రరీలో పుస్తకం తామే వెతుక్కోవాలంటే ఏం చెయ్యాలి?

పలకాబలపం
ఒకటి నుంచి మూడో తరగతి దాకా లైబ్రరీ పీరియడ్ నాది. 40 నిమిషాలు, 35 మంది పిల్లలు. సగం టైం "మేడం, డైనోసార్ పుస్తకం ఏదీ?", "మేడం, దొరకట్లేదు" తోనే సరిపోతోంది. పుస్తకాలన్నీ డ్యూయీ నంబర్ల (విషయాన్ని బట్టి పుస్తకానికిచ్చే అంకెలు) ప్రకారమే సర్దాం. బీరువాల మీద పెద్దక్షరాలతో బోర్డులున్నాయి, రంగు స్టిక్కర్లున్నాయి. అయినా పిల్లలు చేతికి తగిలింది పట్టుకుని కూర్చుంటారు, లేకపోతే నా చుట్టూ మూగుతారు. తీసినవి మళ్ళీ ఎక్కడపడితే అక్కడ దూర్చేస్తారు. వాళ్ళంతట వాళ్ళు వెతుక్కోవాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

బీరువా_తాళం
మూడు విషయాలు చెప్పండి. బోర్డులు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయి? స్టిక్కర్ రంగు దేన్ని చెబుతోంది? అరలో పుస్తకాల మధ్య ఖాళీ ఎంత?

పలకాబలపం
బోర్డులు బీరువా నెత్తిన, 2 మీటర్ల పైనే. రంగులు రెండు రకాలు: తేలిక, మధ్యస్థం, కష్టం అని ఒక వరుస, కథలు, సైన్సు, బొమ్మలు అని ఇంకో వరుస. ఖాళీ అసలు లేదు, కిక్కిరిసి ఉన్నాయి.

బీరువా_తాళం
అయితే లోపం పిల్లల్లో లేదు.

ఆరేళ్ళ పిల్లల కళ్ళు నేల నుంచి సుమారు మీటరు ఎత్తులో ఉంటాయి. 2 మీటర్ల మీదున్న బోర్డు మీకు కనిపిస్తుంది, వాళ్ళకి కాదు. బీరువా దగ్గరికొచ్చి నిలబడ్డాక అయితే బొత్తిగా కనబడదు, మెడ పూర్తిగా వెనక్కి వంచాలి. బోర్డుని అర అంచుకే అంటించండి, మీటరు ఎత్తు దగ్గర. అక్షరాల పక్కన బొమ్మ తప్పనిసరి.

రంగుల సంగతి. ఒక రంగుకి ఒకే అర్థం ఉండాలి. మీ దగ్గర ఆకుపచ్చ అంటే "తేలిక" కూడా, "సైన్సు" కూడా అయుంటుంది. రెండిట్లో ఒకటి తీసెయ్యండి. తీసెయ్యాల్సింది ఏదంటే కష్టం-తేలిక వరుస. ఎందుకో వేరే చెప్తాను, దాని మీద ఇక్కడ గొడవ అవుతుందని తెలుసు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కిక్కిరిసిన అరలోంచి పిల్లవాడు పుస్తకం లాగలేడు. పుస్తకం వీపు (రెండు అట్టలూ కలిసే అంచు) పైభాగం పట్టి గుంజుతాడు, అది చిరుగుతుంది. తీసింది మళ్ళీ అక్కడ పట్టదు కాబట్టి పైన అడ్డంగా పడేస్తాడు. ప్రతి అరలో నాలుగోవంతు ఖాళీ ఉండాలి. ముందు చిరిగినవి, పాతబడి తప్పు సమాచారం ఉన్నవి, ఎవరూ ముట్టనివి తీసి పక్కన పెట్టండి. సర్దడం తర్వాత.

మూడో_బెంచీ
లాగడం కూడా నేర్పాలి. కావలసిన పుస్తకానికి అటూ ఇటూ ఉన్న రెండిటినీ వేళ్ళతో లోపలికి నెట్టి, మధ్యదాన్ని నడుం దగ్గర పట్టుకుని తియ్యాలి. రెండు నిమిషాల పాఠం, బైండింగులు ఏళ్ళ తరబడి బతుకుతాయి.

దశాంశం
డ్యూయీ ప్రకారం సర్దారు, బాగానే ఉంది. దాన్ని నేర్పితే చాలు కదా? 000 నుంచి 900 దాకా పది వర్గాలు, పాటలా నేర్పేయొచ్చు.

గుణింతం
ఒకటో తరగతికి డ్యూయీ ఏంటండీ! దశాంశాలు నాలుగో అయిదో తరగతిలో గానీ రావు. 595.78 ముందా, 595.8 ముందా అని అడగండి. 78 పెద్దది కాబట్టి 595.8 ముందు అంటారు, అదీ ధీమాగా. సీతాకోకచిలుకలు 595.78లో, కాబట్టి 595.8 తర్వాత వెతికి, "లేదు" అని వచ్చేస్తారు.

దశాంశం
దానికి చిట్కా ఉంది. చుక్క తర్వాత అంకెల్ని సంఖ్యలా చదవనివ్వకూడదు, "డెబ్భై ఎనిమిది" అనకూడదు. "ఏడు, ఎనిమిది" అని విడివిడిగా చదివించాలి. ఒక అట్టముక్కతో నంబరు మూసి, ఒక్కొక్క అంకే బయటపెడుతూ పోల్చాలి. 5-5 సమానం, 9-9 సమానం, 5-5 సమానం, 7-8 దగ్గర తేలిపోయింది, ఇక మిగతాది చూడక్కర్లేదు. నిఘంటువులో పదం వెతికే పద్ధతే ఇది. మూడో తరగతి చివరికల్లా వస్తుంది.

గుణింతం
మూడో తరగతి చివరికి సరే. ఒకటో తరగతి జూన్‌లో వచ్చిన పిల్లకి?

ఊయల_బల్ల
చిక్కు దశాంశాల్లోనే లేదు, డ్యూయీ వర్గాలు కట్టిన తీరులోనూ ఉంది. మెల్విల్ డ్యూయీ 1876లో దీన్ని పెద్దవాళ్ళ చదువుల విభాగాలని చూసి కట్టాడు. పిల్లల ప్రశ్న అలా ఉండదు. చూడండి:

పెంపుడు కుక్క 636.7. తోడేలు 599.77. పిల్లి 636.8. పులి 599.75. పెంపుడు జంతువులు వ్యవసాయం కింద, అడవి జంతువులు జంతుశాస్త్రం కింద. పిల్లలకి పిల్లీ పులీ ఒక్క కుటుంబం, పక్కపక్కనే ఉండాలి.

గ్రహాలు 523.4, రాకెట్లు 629.4. ఒకడికే రెండూ కావాలి, మధ్యలో వంద నంబర్ల దూరం.

జానపద కథలు 398.2. అంటే సాంఘిక శాస్త్రాల మధ్యలో! రాజకుమారి కథ కోసం వచ్చిన పిల్ల చదువు, వాణిజ్యం, రవాణా పుస్తకాల పక్కన ఎందుకు వెతుకుతుంది?

అన్నిటికీ మించి, తెలుగు సాహిత్యం మొత్తం 894.827. లైబ్రరీలో 500 తెలుగు కథల పుస్తకాలుంటే 500కీ ఒకటే నంబరు. అక్కడ డ్యూయీ మీకు ఏ సాయమూ చెయ్యదు.

పలకాబలపం
సరిగ్గా అదే. మా తెలుగు కథలన్నీ ఒకే నంబరు, వాటి లోపల రచయిత ఇంటిపేరు మొదటక్షరం. పిల్లలకి రచయిత పేరే తెలియదు, ఇంటిపేరు ఇంకేం తెలుస్తుంది.

బీరువా_తాళం
ఊయల_బల్ల గారి జాబితాకి మందు: అడ్డుపెట్టే డమ్మీ పుస్తకం. పుస్తకమంత చెక్క దిమ్మె గానీ, పనికిరాని లావు పుస్తకానికి అట్ట వేసి గానీ 523 దగ్గర నిలబెట్టండి. దాని వీపు మీద రాకెట్ బొమ్మ, "రాకెట్లు కావాలా? 6వ బీరువా". 636.8 దగ్గర పులి బొమ్మ డమ్మీ. 398.2ని మాత్రం డమ్మీతో సరిపెట్టొద్దు, మొత్తం తీసుకెళ్ళి కథల పక్కన పెట్టెయ్యండి. నంబరు మార్చక్కర్లేదు, చోటు మార్చండి. అరలు నంబరు వరసలోనే ఉండి తీరాలని ఎక్కడా రాసిలేదు.

సీతాకోక
చిన్న తరగతులకి నా ఓటు డబ్బాలకే. అరల్లో వీపులు కనబడేలా నిలబెట్టిన బొమ్మల పుస్తకం వాళ్ళ దృష్టిలో లేనట్టే లెక్క. వాళ్ళు ఎంచుకునేది అట్ట చూసి. పైగా పలచటి పుస్తకాల్లో సగానికి వీపే ఉండదు, మధ్యలో రెండు పిన్నులు కొట్టి ఉంటాయి. ఉన్నవాటికి కూడా పేరు కొన్నిటికి పైనుంచి కిందికి, కొన్నిటికి కిందినుంచి పైకి. తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వాల్చి చదవాలి.

డబ్బా కొలతలు: వెడల్పు 30-35 సెం.మీ., ముందు గోడ ఎత్తు 15-18 సెం.మీ. అంతకన్నా ఎత్తయితే అట్టలు మునిగిపోతాయి, తక్కువైతే ముందుకి తూలి పడతాయి. పుస్తకాలు 20, మహా అయితే 25. వేళ్ళతో ఒక్కొక్కటీ ముందుకి వాల్చుతూ చూడగలగాలి. 30 దాటాయంటే వేళ్ళు దూరవు, పిల్లలు మొత్తం బయటికి తీసి కింద పోస్తారు. సగం ఖాళీ అయితే పుస్తకాలు కూలబడి వంకర తిరుగుతాయి, వెనకాల ఏటవాలుగా ఒక అట్ట పెట్టండి.

అట్టముక్క
డబ్బాలో వరస ఉంచాలా?

సీతాకోక
అస్సలు వద్దు. ఏ డబ్బాదో తెలిస్తే చాలు. డబ్బా మీద బొమ్మ, పుస్తకం అట్ట మీద అదే బొమ్మ. ఏనుగు ఉన్న పుస్తకం ఏనుగు డబ్బాలోకి. ఇది నాలుగేళ్ళ పిల్లలు కూడా చేస్తారు.

దశాంశం
మరి వాళ్ళు పై తరగతులకి వెళ్ళాక? వేరే లైబ్రరీకి వెళ్తే అక్కడ ఏనుగు బొమ్మ ఉండదు. అలవాటు ఒకటి చేసి తర్వాత మార్చమనడం అన్యాయం కాదా?

కార్డు_కేటలాగు
రెండూ ఒకే లేబుల్ మీద పెట్టండి, పేచీ తీరిపోతుంది. పైన బొమ్మ, కింద నంబరు. ఒకటో తరగతికి బొమ్మ చాలు. రెండులో చుక్కకి ముందున్న మూడంకెలు: 599 అంటే పాలిచ్చే జంతువులు, 598 పక్షులు, 597 చేపలు, పాములు. మూడు-నాలుగులో చుక్క తర్వాత ఒక్క అంకె. చిన్న పిల్లల విభాగంలో చుక్క తర్వాత ఒకటి కన్నా ఎక్కువ అంకెలు పెట్టకండి, 200 సైన్సు పుస్తకాలకి 595.789 అవసరమే లేదు. లేబుల్ నంబరు కుదించినా కేటలాగులో పూర్తి నంబరు ఉంచుకోండి, రేపు సేకరణ పెరిగితే పనికొస్తుంది.

దశాంశం
ఇది ఒప్పుకుంటాను. నంబరు కనిపిస్తూ ఉండటమే నాకు కావలసింది.

చిలకపచ్చ
లేబుల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి. ఇంగ్లిష్ లేబుల్ కొలతలో 10-12 పాయింట్లలో తెలుగు కొడితే ఒత్తులు అంటుకుపోతాయి, లేదా కత్తిరించినప్పుడు పోతాయి. 20 పాయింట్లకి తగ్గొద్దు. వరసల మధ్య జాగా ఎక్కువ వదలండి. పెళ్ళి శుభలేఖల్లో వాడే సోకు ఫాంట్లు వద్దు, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు గుండ్రటి మామూలు అక్షరం చాలు.

వీపు 5 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటే లేబుల్ వీపు మీద వెయ్యకండి, మడత దగ్గర లేచిపోతుంది. ముందు అట్ట మీద, డబ్బాలో కనబడాలంటే పై ఎడమ మూల. అరలో పెట్టేవాటికి వీపు మీద కింది నుంచి 3 సెం.మీ. పైన, అన్నిటికీ ఒకే ఎత్తులో. ఒకటి పైనా ఒకటి కిందా ఉంటే పిల్లల చూపు గెంతుతూ పోతుంది, వరస అందదు.

లేబుల్ మీద పారదర్శక టేపు, నాలుగు వైపులా సెంటీమీటరు ఎక్కువ వచ్చేలా. మామూలు సెల్లో టేపు కొన్నాళ్ళకి పసుపు పచ్చబడి జిగురు కారుతుంది, పుస్తకాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పుస్తకాలకని అమ్మేది కొనండి.

మూడో_బెంచీ
టేపు అంచు దొరికితే గిల్లని పిల్లలు ఈ భూమ్మీద లేరు. సెంటీమీటరు కాదు, రెండు.

చిలకపచ్చ
ఇంకోటి. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఉంటారు, వాళ్ళలో మగపిల్లలే ఎక్కువ. వాళ్ళకే ఆ సంగతి తెలియదు, టీచరుకీ తెలియదు. "ఎర్రడబ్బాలో పెట్టమంటే ఆకుపచ్చలో పెట్టాడు" అని తిట్లు తింటారు. రంగుతోబాటు ఆకారమో బొమ్మో ఉండాల్సిందే. కిటికీ పక్క బీరువాలో ఎండకి రంగులు వెలిసిపోతాయి కూడా, ఎరుపూ గులాబీ ఒకటే అయిపోతాయి.

గుణింతం
తెలుగు కథల్ని అక్షరక్రమంలో పెట్టాలనుకునేవాళ్ళకి కొన్ని గుంతలు చూపిస్తాను, ముందే దాటెయ్యండి.

ఒకటి, రచయితతో కాదు, పుస్తకం పేరు మొదటక్షరంతో పెట్టండి. పిల్లలకి గుర్తుండేది పేరే.

రెండు, మొదటి హల్లు వరకే. క, కా, కి, కీ, కు అన్నీ "క" ఇంట్లోనే. గుణింతం లోపల వరస పెట్టకండి, రెండో తరగతి దాకా అది ఎవరికీ నిలవదు. ఒక అక్షరం కింద 20 పుస్తకాలు దాటితేనే రెండుగా చెయ్యండి.

మూడు, క్ష. వర్ణమాల పటంలో క్ష చివర్న ఉంటుంది, హ, ళ తర్వాత. నిఘంటువులో "క" కింద ఉంటుంది. పిల్లలకి తెలిసింది గోడమీది పటం, కాబట్టి చివరికే వెళ్తారు. పటం ప్రకారమే పెట్టండి.

నాలుగు, సున్న. "అంతరిక్షం" ఎక్కడ? పటంలో అం, అః అచ్చుల చివర ఉన్నాయి. కంప్యూటర్లో వరస పెట్టిస్తే మామూలుగా "అంత" ముందొచ్చి "అక్క" తర్వాతొస్తుంది, ఎందుకంటే యూనికోడ్‌లో (కంప్యూటర్ ప్రతి అక్షరానికీ వాడే సంఖ్యల పట్టికలో) సున్నకి ఇచ్చిన సంఖ్య "క" లాంటి అక్షరాలన్నిటి కన్నా చిన్నది. కంప్యూటర్ జాబితా చూసి అర సర్దితే పటంతో కుదరదు. "అ"తో మొదలయ్యేవన్నీ, అంతరిక్షం సహా, "అ" డబ్బాలో వేస్తే ఆ గొడవే లేదు.

అయిదు, "పిల్లల", "చిట్టి", "చిన్నారి", "బుజ్జి", "ఒక", "అనగనగా". పిల్లల పుస్తకాల పేర్లలో సగం వీటితోనే మొదలవుతాయి. చ, బ, ప డబ్బాలు పగిలిపోతాయి, మిగతావి బోసిపోతాయి. "చిట్టి చీమ" అయితే "చీమ" చూసి వెయ్యండి. మొదట్లోని ముద్దుమాట లెక్కలోకి రాదని నియమం పెట్టుకుని, అందరికీ కనబడేలా రాసి పెట్టండి.

పలకాబలపం
గుణింతం గారూ, అయిదో పాయింటు అచ్చంగా మా "చ" అరే. రెండున్నర వరసలు ఉంది.

ఊయల_బల్ల
అక్షరానికి బొమ్మ కలిపితే ఇంకా మంచిది. అ-అమ్మ, ఆ-ఆవు, ఇ-ఇల్లు, ఈ-ఈగ, ఉ-ఉడుత. వాళ్ళ వాచకంలో ఏ బొమ్మ ఉందో అదే పెట్టండి. కొత్త బొమ్మ పెడితే మళ్ళీ నేర్చుకోవాలి.

అట్టముక్క
మా దగ్గర ఇంగ్లిష్ పుస్తకాలూ ఉన్నాయి. కలిపెయ్యాలా, విడిగా పెట్టాలా?

సీతాకోక
విడిగా. తెలుగు కోసం వచ్చినవాడి చేతికి నాలుగుసార్లు ఇంగ్లిష్ తగిలితే వెళ్ళిపోతాడు.

ఊయల_బల్ల
కథల వరకు విడిగానే. సమాచార పుస్తకాలు మాత్రం కలిపి పెట్టండి. తిమింగలం బొమ్మలు చూడాలనుకున్న పిల్లకి భాష అడ్డు కాదు. తెలుగులో తిమింగలం మీద రెండే పుస్తకాలుంటే ఇంగ్లిష్‌వి ఇంకో అయిదు పక్కన దొరుకుతాయి. అట్ట మూలన "తె" అని గానీ "ఇం" అని గానీ ఉంటే సరిపోతుంది.

సీతాకోక
సమాచార పుస్తకాలకి సరే. కథలకి మాత్రం ఒప్పుకోను.

బీరువా_తాళం
బోర్డుల మీది మాటలు కూడా చూడండి. "సరీసృపాలు" అని ఉంటే ఆరేళ్ళ పిల్లవాడు అక్కడ ఆగడు. "పాములు, బల్లులు, మొసళ్ళు" అని రాయండి. "ఖగోళ శాస్త్రం" కాదు, "చందమామ, నక్షత్రాలు". "రవాణా" కాదు, "రైళ్ళు, బస్సులు, విమానాలు". పిల్లలు నోటితో అడిగిన మాటే బోర్డు మీదికి రావాలి.

కార్డు_కేటలాగు
కేటలాగుకీ అదే సూత్రం. మీరు కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే మార్క్ రికార్డులో (పుస్తకం వివరాలు నింపే పత్రంలో) 653 ఫీల్డు ఖాళీగా పడి ఉంటుంది, ప్రామాణిక జాబితాలో లేని మామూలు మాటలకోసమే అది. చందమామ, జాబిలి, చంద్రుడు మూడూ వెయ్యండి. డైనోసార్, డైనొసార్, డైనోసారస్ కూడా. ఒక్క దీర్ఘం తేడా వస్తే కేటలాగు "ఏమీ దొరకలేదు" అంటుంది, పిల్లలు అది నిజమనే అనుకుంటారు. పుస్తకం ఉన్నా లేనట్టే.

ఏడేళ్ళ లోపు వాళ్ళని మాత్రం కీబోర్డు ముందు కూర్చోబెట్టకండి. వాళ్ళకి ఇనప రింగుకి గుచ్చిన కార్డులు చాలు: ఒక కార్డుకి ఒక బొమ్మ, వెనక బీరువా అంకె. 25 కార్డులు, పోస్టుకార్డు సైజు, లామినేషన్ చేసినవి. నాలుగు జతలు చేసి బల్లల మీద పెట్టండి.

మూడో_బెంచీ
దొరకని పుస్తకం దొరికించుకునే వరస ఎవరైనా చెప్పండి. కేటలాగులో "ఉంది" అని చూపిస్తుంది, అరలో ఉండదు.

బీరువా_తాళం
ఈ వరసలో చూడండి. 1) అదే చోట పుస్తకాల వెనక, గోడకీ వరసకీ మధ్య పడి ఉంటుంది. పలచటివి పక్క పుస్తకం లోపలికి దూరిపోతాయి కూడా, అటూ ఇటూ రెండేసి తెరిచి చూడండి. 2) సరిగ్గా పై అర, కింది అర. 3) పక్క బీరువాలో అదే ఎత్తు అర. 4) అంకెలు తారుమారైన చోటు, 597 బదులు 579. 5) తిరిగొచ్చిన బుట్ట, ప్రదర్శన బల్ల. ఎక్కువసార్లు మొదటి మూడింట్లోనే దొరుకుతుంది.

మూడోది ఎందుకంటే, పిల్లలు బీరువాల్ని పుస్తకం పేజీలా చదువుతారు. పై అర చివరికొచ్చాక కిందికి దిగరు, అదే వరసలో పక్క బీరువాలోకి వెళ్ళిపోతారు. రెండు బీరువాలకీ మధ్య నిలువుగా మందపాటి రంగు టేపు వెయ్యండి, ప్రతి బీరువా ఎడమ పక్కన కిందికి చూపించే బాణం పెట్టండి. అది చేశాక పెట్టడంలోనూ తప్పులు తగ్గుతాయి.

పలకాబలపం
బాణం సంగతి తట్టనే లేదు. అరల్లో తిరిగి పెట్టడం మాత్రం వాళ్ళనే చెయ్యనివ్వాలా, ఆపాలా?

దశాంశం
చెయ్యనివ్వాలి. లేకపోతే బాధ్యత ఎప్పుడొస్తుంది?

బీరువా_తాళం
డబ్బాలోకి అయితే వాళ్ళే పెట్టొచ్చు, బొమ్మకి బొమ్మ. అరల్లోకి వద్దు. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం, పోయిందని తెలియదు కూడా. బల్ల చివర ఒక బుట్ట పెట్టి "చూశాను, నాకొద్దు" అని రాయండి. అందులో వేయడమే బాధ్యత.

సీతాకోక
అట్టపట్టీలు వాడొచ్చు. 30 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు గట్టి అట్ట, మీద పిల్లల నంబరు. పుస్తకం తియ్యబోయే ముందు ఆ చోట పట్టీ దూర్చాలి, నచ్చకపోతే పట్టీ ఉన్న చోటే పెట్టాలి.

మూడో_బెంచీ
పట్టీ చేతికిచ్చిన మూడో నిమిషానికి కురుక్షేత్రం మొదలవుతుంది, చూసుకోండి.

సీతాకోక
20 సెం.మీ.కి కత్తిరిస్తే కత్తి కాదు. నిజంగానే చెబుతున్నా, పొడుగు తగ్గితే సగం యుద్ధాలు ఆగిపోతాయి. అరలో కనబడటానికి 20 చాలు.

ఊయల_బల్ల
35 మంది ఒకేసారి అరల మీద పడితే ఏ పద్ధతీ నిలవదు. నాలుగు జట్లు చెయ్యండి, ఎనిమిది తొమ్మిది మందేసి. ఒక జట్టు అరల దగ్గర, మిగతావాళ్ళకి బల్లల మీద డబ్బాలు. 8 నిమిషాలకి మార్చండి. 32 నిమిషాలు, మిగిలిన 8 ఎంట్రీ వేసుకోవడానికి.

నేర్పడం కూడా ఒకేసారి వద్దు. మొదటివారం అట్ట రంగు జిరాక్సు కార్డు, డబ్బా బొమ్మతో సహా, ఇద్దరికి ఒకటి: "ఇది పట్టుకురండి". రెండోవారం అట్ట మాత్రమే, డబ్బా వాళ్ళే కనుక్కోవాలి. మూడోవారం అట్ట కూడా లేదు, ప్రశ్న ఒక్కటే: "గుడ్లు పెట్టే జంతువు ఉన్న పుస్తకం తెండి". ఈ మూడోదాంట్లో ఒకడు కోడిపుంజుది తెస్తాడు, ఒకడు తాబేలుది. రెండూ తీసుకోండి, వాదించుకోనివ్వండి, పుంజు గుడ్డు పెడుతుందా అని.

అట్టముక్క
కష్టం-తేలిక స్టిక్కర్ తీసెయ్యమన్నారు, కారణం చెప్తానన్నారు.

బీరువా_తాళం
ఎర్ర స్టిక్కర్ పుస్తకం పట్టుకున్నవాణ్ణి పక్కవాడు "నీకు రాదు కదా" అంటాడు. ఆకుపచ్చ పట్టుకున్నవాణ్ణి "ఇంకా పసిపుస్తకమా" అంటాడు. పిల్లలు పుస్తకం కాదు, రంగు ఎంచుకుంటారు. పుస్తకం ఏ స్థాయిదో అందరికీ కనబడేలా లేబుల్ వెయ్యొద్దని అమెరికా స్కూల్ లైబ్రేరియన్ల సంఘం కూడా తన ప్రకటనలో చెప్పింది.

గుణింతం
నేను ఒప్పుకోను. చదవడం ఇంకా సరిగా రాని పిల్లవాడు నాలుగు పుస్తకాలు తెరిచి నాలుగూ మూసేస్తే అయిదోది తెరవడు. ఏదో ఒక గుర్తు ఉండాలి. తెలుగులో ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న పుస్తకానికీ లేనిదానికీ ఆ వయసులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

బీరువా_తాళం
గుర్తు ఉండొచ్చు, బయట ఉండకూడదు. వెనక అట్ట లోపల పెన్సిల్‌తో ఒక చుక్క, రెండు చుక్కలు. మీకు తెలిస్తే చాలు, తెచ్చి చేతిలో పెట్టేది మీరే కదా.

కార్డు_కేటలాగు
పిల్లలకి అయిదువేళ్ళ లెక్క నేర్పండి. ఒక పేజీ చదవాలి, రాని మాటకి ఒక వేలు మడవాలి. అయిదూ మడిచేస్తే కష్టం, ఒక్కటీ మడవకపోతే మరీ తేలిక. ఒక చిక్కు ఉంది: ఈ లెక్క పేజీకి 50 మాటలైనా ఉన్న పుస్తకాలకే సరిపోతుంది. తెలుగులో ఒక్క మాటలోనే బోలెడు ఇముడుతుంది, "వెళ్ళిపోతున్నాడేమోనని" ఒక్క మాటే. పేజీకి 20 మాటలుండే బొమ్మల పుస్తకానికి రెండు వేళ్ళకే ఆపండి. కష్టమని తేలినా నచ్చితే తీసుకెళ్ళనివ్వండి, ఇంట్లో చదివి వినిపించేవాళ్ళు ఉంటారు.

గుణింతం
వెనక అట్ట లోపల చుక్క, దానికి సరే.

ఊయల_బల్ల
పిల్లలు వచ్చి అడిగినప్పుడు మనం ఏం చేస్తామన్నది కూడా ముఖ్యం. "జంతువుల పుస్తకం" అంటే జంతువులే అని నమ్మి 599 చూపించకండి. "అందులో ఏం ఉండాలి?" అని అడిగి మూడు సెకన్లు ఆగండి, ఆ మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అయినా ఆగండి. "పెద్ద పళ్ళు" అంటాడు. అప్పుడు అది మొసలో సొరచేపో అవుతుంది. "కథ కావాలా, నిజంగా జరిగేవి కావాలా?" అనేది రెండో ప్రశ్న. "ఇదేనా?" అని మాత్రం అడగొద్దు, పెద్దవాళ్ళు చూపించిందానికి తలూపేస్తారు.

వేలితో చూపించి పంపకండి, వెంట నడవండి. పుస్తకం మాత్రం వాడి చేత్తోనే తియ్యాలి. మనం తీసి ఇచ్చామంటే రేపు మళ్ళీ మన దగ్గరికే వస్తాడు.

దశాంశం
లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో రాసిన అయిదు లైబ్రరీ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమనే. మేడం గారి 40 నిమిషాల్లో 20 నిమిషాలు పోవడం ఆ సూత్రం కిందికే వస్తుంది. డ్యూయీని వెనకేసుకొచ్చిన నేనే అంటున్నాను, చిన్న తరగతులకి డబ్బాలే పెట్టండి.

మూడో_బెంచీ
దశాంశం గారు దిగొచ్చారు, ఈ చర్చని లామినేట్ చెయ్యాలి.

పలకాబలపం
అందరివీ రాసుకున్నాను. చిన్న తరగతుల పుస్తకాలు 600 దాకా ఉన్నాయి, నేను ఒక్కదాన్ని. అన్నిటికీ లేబుళ్ళు మార్చేదాకా ఆగలేను. ముందు ఏది?

బీరువా_తాళం
ఒక వారం ఒక కాగితం పెట్టుకోండి. పిల్లలు ఏ మాట అడిగితే ఆ మాట రాసి పక్కన గీత గియ్యండి. వారం తర్వాత పైన తేలిన ఎనిమిది మాటలకి ఎనిమిది డబ్బాలు. ఒక్కోదానికి 20 చొప్పున 160 పుస్తకాలు. మొదటి నెల లేబుళ్ళు వాటికే. మిగతా 440 అరల్లోనే ఉండనివ్వండి, చిరిగినవి తీసి ఖాళీ మాత్రం చెయ్యండి. బోర్డులు కిందికి దించడం, నిలువు టేపు, బాణాలు ఒక మధ్యాహ్నం పని.

సీతాకోక
ఎనిమిది డబ్బాల్లో ఒకటి వరస పుస్తకాలకి వదలండి. ఒకే పాత్ర మీద అయిదారు భాగాలు వచ్చినవి. పిల్లలు ఆ పాత్ర పేరుతోనే అడుగుతారు. భాగం నంబరు అట్ట మీద పెద్దగా, 3 సెం.మీ. అంకెతో.

కార్డు_కేటలాగు
డబ్బాలోకి మార్చిన ప్రతి పుస్తకానికీ కేటలాగులో చోటు మార్చడం మర్చిపోకండి. లేకపోతే వచ్చే ఏడు స్టాక్ చూసేటప్పుడు 160 పుస్తకాలు పోయినట్టు లెక్క తేలుతుంది.

పలకాబలపం
అయితే బొమ్మల స్టిక్కర్లు డబ్బాకి 20 చొప్పున ప్రింటు తీయిస్తాను.

చిలకపచ్చ
30 తీయించండి. కొత్త పుస్తకాలు వస్తాయి, ఉన్నవి ఊడతాయి. మళ్ళీ తీయిస్తే రంగు ఛాయ మారుతుంది, ఏనుగు కాస్త లేతగా వచ్చినా "ఇది వేరే ఏనుగు మేడం" అని ఇంకో డబ్బా వెతుకుతారు.